ఉసురు సంగతి తర్వాత, ముందు ఆ రాజీనామా కాగితం

ప్రశ్న: మేడమ్, నాకు 39 ఏళ్లు. గచ్చిబౌలిలో ఒక అమెరికన్ కంపెనీ ఆఫీసులో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. హోదా టీమ్ లీడ్. కానీ రోజులో ఎక్కువ భాగం నేనూ కోడ్ రాస్తూనే ఉంటాను. కిందటేడు అమెరికాలో మా పని చూసే టీమ్‌ని తీసేసి ఆ పనంతా మాకిచ్చారు. నాకు కేటీ (నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్, అంటే చేసే పని నేర్పి అప్పగించడం) ఇచ్చినావిడకి యాభై దాటాయి. రెండు నెలలు రోజూ సాయంత్రం కాల్‌లో కూర్చుని తన ఉద్యోగం నాకు నేర్పించి వెళ్లిపోయింది. ఇప్పుడు మా వంతు. మా పనిలో కొంత మనీలాకు, మిగతాది కాంట్రాక్టు మీద పనిచేసే ఒక బయటి కంపెనీకి (వెండర్‌కు) వెళ్తోంది. వాళ్లకు కేటీ ఇవ్వాల్సింది నేనే. కిందటి శుక్రవారం హెచ్ఆర్ వాళ్లు పిలిచి, "బుధవారం లోపు మీరే రిజైన్ చేస్తే రెండు నెలల బేసిక్ ఇస్తాం, రిలీవింగ్ లెటర్ క్లీన్‌గా ఉంటుంది. లేదంటే పర్ఫార్మెన్స్ బాగాలేదని టెర్మినేట్ చేయాల్సి వస్తుంది" అన్నారు. చేతికొచ్చేది లక్షా పది వేలు, అందులో బేసిక్ 60 వేలు. మియాపూర్ ఫ్లాట్‌కు నెలకు 52 వేలు ఈఎంఐ. శంకర్‌పల్లి దగ్గర ఒక ఓపెన్ ప్లాటు ఉంది. నా భార్య ప్రైవేటు స్కూల్లో టీచరు, జీతం 26 వేలు. ఆమెకు "ప్రాజెక్టు మారుతోంది" అని మాత్రమే చెప్పాను. మిర్యాలగూడలో ఉన్న నాన్నకు అదీ చెప్పలేదు. రాత్రిళ్లు నిద్ర ఉండట్లేదు. ఆ అమెరికా ఆవిడ ఉసురు తగిలిందేమో అనిపిస్తోంది. ఏం చేయమంటారు?

ఒక పాఠకుడు, మియాపూర్

సమాధానం: మీ ఉత్తరం చదివిన సాయంత్రమే "బుధవారం ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి, పోర్టల్‌లో రిజైన్ బటన్ నొక్కకండి" అని ఒక ముక్క రాసి పంపాను. నొక్కలేదని, ఆలోచించుకోవడానికి టైమ్ కావాలని హెచ్ఆర్‌కు చెప్పానని మీరు జవాబిచ్చారు. బుధవారం వెళ్లిపోయింది. మీ యాక్సెస్ కార్డు ఇంకా పనిచేస్తూనే ఉంది. ఆ గడువు ఏ చట్టంలోదీ కాదు, మీ అపాయింట్‌మెంట్ లెటర్‌లోదీ కాదు. వాళ్ల సౌకర్యం కోసం వాళ్లు పెట్టుకున్నది. మిగతా సంగతులు ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ఇలాంటి ఉత్తరాలు నాకు ఇంకా వస్తున్నాయి, వాళ్లకూ పనికొస్తాయి.

కంపెనీ తీసుకున్న నిర్ణయాన్ని మీరు మూడు చోట్ల మీ నెత్తిన వేసుకుంటున్నారు. నేనే వెళ్లిపోతున్నానని రాసివ్వమంటే రాసివ్వబోయారు. అమెరికాలో ఆవిడ ఉద్యోగం పోతే మీరే తీసినట్టు కుమిలిపోతున్నారు. ఇంట్లో ఏదో తప్పు చేసినవాడిలా దాస్తున్నారు. ఈ మూడు చోట్లా నిర్ణయం ఎవరిదో వాళ్ల పేరు మీదే ఉండనివ్వండి. నేను చెప్పబోయేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

నేను చాలా ఏళ్లు హెచ్ఆర్‌లో పనిచేసి బయటికొచ్చిన మనిషిని. ఆ మీటింగ్ రూమ్‌లో బల్లకు అవతలి వైపు ఏముంటుందో చెబుతాను. ఒక ఎక్సెల్ షీటు ఉంటుంది. అందులో పేర్లు, జీతాలు, ఒక తేదీ. మీతో మాట్లాడిన ఆ హెచ్ఆర్ అమ్మాయి ఆ పేర్లు ఎంచలేదు. తేదీ లోపు ప్రతి పేరు పక్కనా "రిజైన్డ్" అని పడేలా చూడటమే ఆమెకు అప్పగించిన పని. తీసేశాం అని రాస్తే నోటీసు ఇవ్వాలి, పరిహారం కట్టాలి, ప్రభుత్వానికి తెలపాలి, పేపర్లో వార్త వస్తుంది. తనే వెళ్లిపోయాడు అని రాస్తే ఇవేవీ అక్కర్లేదు. ఏడాది చివర నివేదికలో మామూలు అట్రిషన్ కింద, అంటే తమంతట తాము మానేసినవాళ్ల లెక్కలో, కలిసిపోతుంది. మీ చేత రాయించుకునే ఆ రెండు లైన్ల మెయిల్ వాళ్లకు ఎన్నో లక్షలు మిగులుస్తుంది. దానికి బదులు మీకు లక్షా ఇరవై వేలు ఇస్తామంటున్నారు.

ఇప్పుడు లెక్క చూద్దాం. మొన్నటిదాకా 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం ఉండేది. 2025 నవంబరు 21 నుంచి దాని స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లోకి వచ్చింది. ఈ విషయంలో అసలు సూత్రం మారలేదు. ఏడాదికి పైగా పనిచేసిన వర్కర్‌ను పని తగ్గిందనో, వేరే చోటికి పోయిందనో తీసేయాలంటే నెల ముందు రాతపూర్వకంగా కారణం చెబుతూ నోటీసు ఇవ్వాలి, లేదా ఆ నెల జీతం ఇవ్వాలి. దానిపైన పూర్తయిన ప్రతి ఏడాదికీ పదిహేను రోజుల సగటు వేతనం. మీ విషయంలో బేసిక్ ఒక్కటే లెక్కేసుకున్నా ఏడాదికి 30 వేలు, పదకొండేళ్లకు 3 లక్షల 30 వేలు. కొత్త కోడ్‌లో ఇంకోటి చేర్చారు: తీసేసిన వర్కర్‌కు పదిహేను రోజుల వేతనం రీస్కిల్లింగ్ (కొత్త పని నేర్చుకునే) ఫండ్ కింద 45 రోజుల్లో ఖాతాలో పడాలి. మీ అపాయింట్‌మెంట్ లెటర్‌లో నోటీసు పీరియడ్ ఎంత ఉందో కూడా చూడండి. మీరు మానేస్తే మూడు నెలలు ఆగాలని రాసుకున్న కంపెనీ, తను తీసేటప్పుడు కూడా మూడు నెలలు ఇవ్వాలని చాలా లెటర్లలో అదే పేరాలో ఉంటుంది. మనం చేరిన రోజు సంతకం పెట్టి మళ్లీ దాన్ని తెరిచి చూడం.

గ్రాట్యుటీ ఈ బేరంలోకి రాదు. ఐదేళ్లు దాటినవాళ్లకు మానేసినా, తీసేసినా అది రావాల్సిందే. మీ బేసిక్‌ను 15తో గుణించి 26తో భాగిస్తే ఏడాదికి 34,615 రూపాయలు, పదకొండేళ్లకు దాదాపు 3 లక్షల 80 వేలు. కొన్ని కంపెనీలు "ప్యాకేజీ" అంటూ ఇచ్చే కాగితంలో దీన్ని కూడా కలిపి పెద్ద అంకె చూపిస్తాయి. మీ డబ్బు మీకే బహుమతిగా ఇచ్చినట్టు. ఆ కాగితం చేతికొస్తే ముందు అందులోంచి గ్రాట్యుటీ, వాడుకోని లీవులకు వచ్చే డబ్బు, పనిచేసిన రోజుల జీతం తీసేయండి. మిగిలిందే వాళ్లు నిజంగా ఇస్తున్నది. పర్ఫార్మెన్స్ బాగాలేదనే కారణం మీద గ్రాట్యుటీ ఆపడానికి కూడా వీల్లేదు.

మీలాంటి లీడ్‌ల దగ్గర కంపెనీ లాయర్లు పట్టుకునే పాయింటు ఒకటుంది. నోటీసు, పరిహారం ఇవ్వాలనే ఆ కోడ్ వర్కర్‌కు వర్తిస్తుంది, మేనేజర్‌కు కాదు. సూపర్‌వైజర్ పని చేస్తూ నెలకు 18 వేలు దాటినవాళ్లకూ కాదు. లీడ్ కాబట్టి మీరు మేనేజ్‌మెంటే అని వాళ్లంటారు. కానీ కోర్టులు విజిటింగ్ కార్డు మీద ఏముందో కాకుండా రోజంతా ఏం పని చేస్తున్నారో చూస్తాయి. 2015లో టీసీఎస్ తొలగించిన చెన్నై ఉద్యోగి ఒకరు సరిగ్గా ఇదే వాదించారు. ఆయన మేనేజర్ స్థాయి అని కంపెనీ అంది. చేసే పని సాంకేతికమేనని 2022లో అక్కడి కార్మిక న్యాయస్థానం ఆయన పక్షాన తీర్పిచ్చింది. ఏడేళ్లు పట్టిందన్న సంగతీ గుర్తుంచుకోండి. మిమ్మల్ని కోర్టుకు తోలడానికి చెప్పట్లేదు ఇది. మీరు ఎక్కువ సమయం కోడ్ రాస్తారని, సెలవులు మంజూరు చేయడం, రేటింగ్‌లు వేయడం మీ చేతిలో లేవని రుజువులు ఉంటే బేరంలో మీ వైపు బరువు పెరుగుతుంది. మన దగ్గర 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం కూడా ఉంది. ఆరు నెలలు దాటి పనిచేసిన ఉద్యోగిని తగిన కారణం, నెల నోటీసు లేకుండా తీసేయకూడదని అదీ అంటుంది. మాదాపూర్ అద్దాల భవనంలో ఉన్నా, అబిడ్స్‌లో బట్టల షాపులో ఉన్నా చట్టం అదే.

కాబట్టి రేపు చేయాల్సిన పని ఒక మెయిల్ రాయడం. కోపం లేకుండా, నాలుగైదు వాక్యాల్లో. శుక్రవారం ఫలానా వారితో జరిగిన మీటింగ్‌లో నన్ను రాజీనామా చేయమని అడిగారు. నేను నా అంతట రాజీనామా చేయదలచుకోలేదు. నా పని వేరే చోటికి మార్చడం వల్ల నా స్థానం రద్దవుతుంటే ఆ విషయం, నోటీసు వివరాలు, రావాల్సిన మొత్తం లెక్క రాతపూర్వకంగా తెలపగలరు. అప్పటిదాకా నా విధులు యథావిధిగా చేస్తాను. అంతే. వాళ్లు నోటితో అన్న మాటలన్నీ అందులో పెట్టి కథ రాయకండి. దీనికి మెయిల్‌లో జవాబు రాకపోవచ్చు. "ఒకసారి మాట్లాడదామా" అని కాల్ వస్తుంది. మాట్లాడండి, ఆ వెంటనే "ఇప్పుడు మాట్లాడినది ఇది" అని ఇంకో మెయిల్ పెట్టండి. రహస్యంగా రికార్డింగులు చేయడం కంటే ఈ పద్ధతి మేలు.

పర్ఫార్మెన్స్ బెదిరింపు విషయం. పదకొండేళ్లలో మీకు వచ్చిన రేటింగ్ లెటర్లు, ఇంక్రిమెంట్ లెటర్లు, ఆన్-సైట్ వాళ్లు మెచ్చుకుంటూ రాసిన మెయిళ్లు ఉంటాయి. నిన్నటిదాకా బాగా చేసినవాడు, పని మనీలాకు వెళ్లే నెలలోనే చేతకానివాడు ఎలా అయ్యాడో చెప్పాల్సిన బాధ్యత వాళ్లది. ఇక్కడ చాలామంది చేసే పని ఒకటి మీరు మాత్రం చేయకండి: భయపడి ఆఫీసు మెయిళ్లు, కోడ్, క్లయింట్ ఫైళ్లు సొంత జీమెయిల్‌కు పంపుకోవడం. అలా పంపితే మిమ్మల్ని తీసేయడానికి నిజమైన కారణం మీరే చేతికిచ్చినట్టవుతుంది, అప్పుడు పైసా రాదు. మీ సొంత కాగితాలు మాత్రమే తీసుకోండి. ఆఫర్ లెటర్, జీతం స్లిప్పులు, ఫారం 16, అప్రైజల్ లెటర్లు, పీఎఫ్ పాస్‌బుక్. హెచ్ఆర్ పోర్టల్ చివరి రోజు మధ్యాహ్నమే మూసుకుపోతుంది, ఇవాళే డౌన్‌లోడ్ చేసుకోండి. ఏ తేదీన ఎవరు ఏమన్నారో ఇంట్లో ఒక నోట్‌బుక్‌లో రాసిపెట్టుకోండి.

రిలీవింగ్ లెటర్ పాడైపోతే మళ్లీ ఎక్కడా ఉద్యోగం రాదన్న భయం హైదరాబాద్‌లో ఎవరు నాటారో గానీ బాగా వేళ్లూనుకుంది. రిక్రూటర్లకు ఈ నగరంలో ఏం జరుగుతోందో మీకంటే బాగా తెలుసు. 2025 జులైలో టీసీఎస్ తన సిబ్బందిలో దాదాపు 2 శాతం, అంటే 12 వేల మందికి పైగా, ముఖ్యంగా మధ్య, పై స్థాయుల వాళ్లను తగ్గిస్తామని బాహాటంగా ప్రకటించింది. మీ స్థానం రద్దయిందని రాసిన లెటర్‌ను ఇప్పుడు ఎవరూ వింతగా చూడరు. మీరు అడగాల్సిందల్లా అందులో పర్ఫార్మెన్స్ అన్న మాట లేకుండా, చేరిన తేదీ, వెళ్లిన తేదీ, హోదా, స్థానం రద్దయిందన్న కారణం ఉండాలని.

ఇక బేరం. చివరికి ఇది కోర్టు దాకా పోదని, ఏదో ఒక అంకె దగ్గర తెగుతుందని నా అంచనా. తెగే ముందు మీతో పాటు ఇంకెవరిని పిలిచారో కనుక్కోండి. ఆఫీసు చాట్‌లో కాదు, బయట. ఎవరెవరికి ఎంత చెప్పారో పోల్చుకోండి. ఒక్కొక్కరినీ విడివిడిగా పిలవడంలో ఉద్దేశమే మీరు పోల్చుకోకూడదని. ఒకే పని చేసేవాళ్లలో ఆఖర్న చేరినవాళ్లను ముందు తీయాలి, అలా కాకపోతే కారణం రాసిపెట్టాలి అనేది కూడా చట్టంలో ఉంది. జీతం ఎక్కువని సీనియర్లను ఏరి తీస్తున్నప్పుడు ఈ ప్రశ్న అడిగితే హెచ్ఆర్ వాళ్లు కాస్త సర్దుకుని కూర్చుంటారు. అడగదగ్గవి: పూర్తి నోటీసు జీతం, ఏడాదికి పదిహేను రోజులకు తగ్గని పరిహారం, కొన్ని నెలలు ఇన్సూరెన్స్ కొనసాగింపు, కేటీ పూర్తిచేసినందుకు విడిగా బోనస్. రాజీనామా రూపంలోనే కావాలని వాళ్లు పట్టుబట్టి, డబ్బు మాత్రం వీటికి సమానంగానో ఎక్కువగానో ఇస్తే? అప్పుడు ఒప్పుకోవడం తప్పు కాదు. కానీ డబ్బెంత, ఏ తేదీకి అన్నది కంపెనీ సంతకంతో కాగితం మీద వచ్చాకే మీ మెయిల్ వెళ్లాలి. ఆ కాగితాన్ని కార్మిక చట్టాలు చూసే లాయర్‌కు ఒక గంట ఫీజిచ్చి చూపించండి. అస్సలు దారికి రాకపోతే, గచ్చిబౌలి రంగారెడ్డి జిల్లా కిందికి వస్తుంది కాబట్టి అక్కడి కార్మిక శాఖ అధికారికి అర్జీ పెట్టవచ్చు. ముందు రాజీ చర్చలకు కంపెనీని పిలుస్తారు. చాలా కంపెనీల స్వరం ఆ పిలుపుతోనే మారుతుంది.

కొత్త వేతనాల కోడ్ ప్రకారం తీసేసినా, రాజీనామా చేసినా రావాల్సిన వేతనాలు రెండు పనిదినాల్లో ఇచ్చేయాలి. "ఫుల్ అండ్ ఫైనల్ (ఆఖరి లెక్క) 45 రోజులు పడుతుందండీ" అంటే ఈ మాట గుర్తుచేయండి.

మనీలా వాళ్లకు కేటీ ఇవ్వాలా వద్దా అని మీరు నేరుగా అడగలేదు గానీ ఉత్తరం నిండా అదే ఉంది. ఇవ్వండి. జీతం తీసుకుంటున్నంత కాలం ఇవ్వను అనడం అవిధేయత కింద రాసుకునే అవకాశం. కావాలని సగం చెప్పడం, డాక్యుమెంట్‌లో తప్పులు వదలడం లాంటివి మీ ఉత్తరం రాసిన మనిషి చేసేవి కావు. కానీ శనివారాలు, రాత్రి పదకొండింటి కాల్స్ అక్కర్లేదు. ఏ రోజు ఏం నేర్పించారో ఒక లైను రాసి మేనేజర్‌కు పంపుతూ ఉండండి. మీరు పనిచేస్తున్నారనడానికి అంతకంటే రుజువు ఉండదు. కేటీ ఎప్పటికి పూర్తవ్వాలో తేదీ అడగండి. బేరంలో మీ చేతిలో ఉన్న అసలైన వస్తువు ఇదే. కేటీ అంతా అయిపోయాక మాట్లాడదాం అని వాళ్లంటే, ముందే మాట్లాడదాం అనాల్సింది మీరు.

ఇప్పుడు ఆ ఉసురు సంగతి. మీరు ఆవిడ ఉద్యోగం అడగలేదు. మీ మేనేజర్ కూడా అడిగి ఉండడు. ఒక చోట గంటకు ఇంత, ఇంకో చోట అందులో నాలుగో వంతు అని ఎవరో లెక్కేశారు. ఆ లెక్క మీదే ఈ నగరంలో సగం లేచి నిలబడింది. 1998 నవంబరులో సైబర్ టవర్స్ తెరుచుకున్నప్పుడు మాదాపూర్ చుట్టూ రాళ్లూ తుప్పలే. ఆ తర్వాత వచ్చిన ప్రతి ఫ్లోర్, ప్రతి పీజీ హాస్టల్, మీ మియాపూర్ ఫ్లాటు కూడా ఎక్కడో ఎవరో చేస్తున్న పని ఇక్కడికి రావడం వల్లే వచ్చాయి. ఆఫర్ లెటర్ వచ్చిన రోజు మనం మిఠాయిలు పంచుకున్నాం, ఆ పని ఎవరి బల్ల మీద నుంచి వచ్చిందో అడగలేదు. అడగాల్సిందని అనను. కానీ ఇప్పుడు అదే లెక్క మన నగరం కూడా ఖరీదైందని తేల్చింది, అంతే. ఇందులో ఎవరి శాపమూ పనిచేయట్లేదు. శాపాలు పనిచేసేటట్టయితే ముందు ఆ లెక్కేసినవాళ్లకు తగలాలి, వాళ్ల బోనస్‌లు మాత్రం ఏటా పెరుగుతున్నాయి.

ఆవిడ విషయంలో ఒక్క తేడా మాత్రం గమనించండి. రెండు నెలలు కూర్చుని నేర్పించిందన్నారు. అమెరికాలో వార్న్ అని 1988 నాటి చట్టం ఉంది. వంద మందికి పైగా ఉద్యోగులున్న కంపెనీ ఒక చోట పెద్ద సంఖ్యలో తీసేయాలంటే 60 రోజుల ముందు రాతపూర్వకంగా చెప్పాలి. ఎవరినైనా ఎప్పుడైనా తీసేయొచ్చని పేరున్న దేశంలో కూడా ఆవిడకు అన్ని రోజులు దొరికాయి. మీకు శుక్రవారం నుంచి బుధవారం. అదే కంపెనీ అక్కడ పాటించిన మర్యాద ఇక్కడ ఎందుకు పాటించదు అనే ప్రశ్న మీకు రావాల్సింది. దాని బదులు ఆవిడ ఉసురు గుర్తొచ్చింది. మన పెంపకం అలాంటిది.

మనసు ఊరుకోకపోతే ఆవిడకు లింక్డిన్‌లో నాలుగు మాటలు రాయండి. క్షమాపణ అక్కర్లేదు. మీరు నేర్పించినవి ఫలానా చోట ఇలా ఉపయోగపడ్డాయని రాయండి, ఆవిడ ప్రొఫైల్ మీద నిజాయితీగా ఒక సిఫారసు రాసిపెట్టండి. ఉద్యోగం వెతుక్కునే మనిషికి అది పనికొచ్చే వస్తువు. రేపు మీ గురించి ఎవరైనా అడిగితే చెప్పగలిగిన మనిషి కూడా ఆవిడే. మనీలాలో మీ ముందు కూర్చున్న కుర్రాళ్ల మీద కూడా విసుక్కోకండి.

భార్యకు చెప్పడం దగ్గరికి వస్తాను. ఇవాళ రాత్రే చెప్పండి, మొత్తం చెప్పండి, అంకెలతో సహా. ప్రేమా బాధ్యతా లాంటి మాటలు పక్కన పెట్టినా, ఆ ఫ్లాట్ లోన్‌లో ఆమె కో-అప్లికెంట్ అయి ఉండే అవకాశం ఎక్కువ. బ్యాంకు ముందు మీతో సమానంగా బాకీ ఉన్న మనిషికి "ప్రాజెక్టు మారుతోంది" అని చెప్పడం న్యాయం కాదు. టీచరమ్మ కదా, నెలకు 26 వేలతో ఇంటిని నడపడం ఎలాగో మీకంటే ఆమెకే ముందు తోస్తుంది. పొద్దున్నే బ్యాగు తగిలించుకుని బయల్దేరి ఇనార్బిట్ ఫుడ్‌కోర్టులో కూర్చుని సాయంత్రం ఇంటికి రావడం అనే పని మాత్రం ఎప్పుడూ పెట్టుకోకండి. అలా నెలల తరబడి చేసినవాళ్లను చూశాను.

నాన్నగారికి లెటర్ చేతికొచ్చాక చెప్పొచ్చు, కానీ మీ నోటి ద్వారానే తెలియాలి. ఆయనకు 2009 గుర్తుండే ఉంటుంది. ఆ జనవరి 7న సత్యం లెక్కల మోసం బయటపడితే, యాభై వేల మందికి పైగా పనిచేసే కంపెనీలో వచ్చే నెల జీతం పడుతుందో లేదో చెప్పేవాళ్లు లేరు. ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా చేతికి వచ్చేదాకా అదే పరిస్థితి. అబ్బాయి సత్యంలో చేస్తాడు అంటే పెళ్లి సంబంధాలు వెనక్కి పోయిన రోజులవి. ఆ పిల్లల్లో చాలామంది ఇవాళ ఇదే నగరంలో పెద్ద హోదాల్లో ఉన్నారు, ఇంటర్వ్యూలో మీకు ఎదురుగా కూర్చునేది వాళ్లలో ఒకరు కావచ్చు. నాన్నగారి తరం ఊళ్లో ఒక పంట పోతే తరువాతి పంటకు అప్పు తెచ్చుకున్న తరం. మీరు అనుకున్నంత డీలాపడరు.

డబ్బు లెక్క క్లుప్తంగా. ఈఎంఐ ఒక్కటి కూడా తప్పకముందే బ్యాంకుకు వెళ్లి, ఉద్యోగం మారుతోంది, గడువు పెంచి ఈఎంఐ తగ్గించగలరా అని అడగండి. 90 రోజులు బాకీ పడితే ఖాతా ఎన్‌పీఏ (మొండి బాకీ) అవుతుంది, ఆ తర్వాత బ్యాంకు మాట్లాడే భాషే వేరు. ఈఎంఐ కట్టడానికి క్రెడిట్ కార్డు గీయడం, పర్సనల్ లోన్ యాప్‌ల జోలికి పోవడం వద్దు. అవసరమైతే బంగారం మీద లోన్ వాటికంటే చాలా నయం. శంకర్‌పల్లి ప్లాటు మీద మమకారం ఉంటుందని తెలుసు, పిల్లల పెళ్లికని కొని ఉంటారు. ఆరు నెలలు గడిచినా దారి దొరక్కపోతే దాన్ని అమ్మడానికి సిగ్గుపడకండి, కానీ ఇప్పుడే కంగారుగా అమ్మేస్తే బ్రోకర్లకు వాసన తెలుస్తుంది. పిల్లల స్కూలు ఫీజు ఏడాదిదంతా ఒకేసారి కట్టకుండా టర్మ్ చొప్పున కట్టండి. పీఎఫ్ ముట్టుకోకండి. పీఎఫ్‌తో పాటు ఉండే పెన్షన్ స్కీమ్‌లో మీరు పదేళ్లు సభ్యులై ఉంటే 58 ఏళ్లకు పెన్షన్ హక్కు ఉంటుంది, పాస్‌బుక్‌లో చూసుకోండి. కొత్త ఉద్యోగంలో అదే యూఏఎన్ (పీఎఫ్ ఖాతా నంబరు) ఇచ్చి బదిలీ చేయించుకోండి.

ఇన్సూరెన్స్ గురించి మాత్రం ఆలస్యం చేయొద్దు. కంపెనీ గ్రూపు పాలసీ మీ చివరి పనిదినంతో ఆగిపోతుంది. అందులో నాన్నగారు కూడా ఉంటే ఇంకా ముఖ్యం. బీపీ, షుగర్ ఉన్నవాళ్లకు కొత్త పాలసీలో మూడేళ్ల దాకా వెయిటింగ్ పెట్టొచ్చు. అదే బీమా కంపెనీలో గ్రూపు నుంచి వ్యక్తిగత పాలసీకి మారితే గడిచిన కాలం లెక్కలోకి వస్తుంది. దానికి దరఖాస్తు చివరి రోజుకు ముందే పడాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద జీఎస్టీ లేదు, ఆ మేరకు కాస్త ఊరట.

లెటర్ వచ్చేదాకా ఆగకుండా ఉద్యోగం వెతకడం ఇప్పుడే మొదలుపెట్టండి. నోటీసులో ఉన్నప్పుడు వెతికే మనిషికి, ఖాళీగా ఉండి వెతికే మనిషికి రిక్రూటర్ల దగ్గర విలువ తేడా ఉంటుంది, అది అన్యాయమే అయినా నిజం. మీ పాత టీమ్‌లలోంచి వెళ్లిపోయిన వాళ్లందరికీ ఒక్కొక్కరికి ఫోన్ చేయండి. పోర్టల్‌లో వంద అప్లికేషన్ల కంటే ఆ ఫోన్లలోనే దారి దొరికే అవకాశం ఎక్కువ. జీతం పదిహేను, ఇరవై శాతం తగ్గినా పని బాగుంటే తీసుకోమంటాను. రెండు చోట్లకు మాత్రం వెళ్లకండి. ఒకటి, నలభై రోజుల్లో ఏఐ నేర్పించి ప్లేస్‌మెంట్ గ్యారంటీ అంటూ 80 వేలు అడిగే అమీర్‌పేట బోర్డులు. నేర్చుకోండి, కానీ మీ పనికి ఏం కావాలో ముందు తేల్చుకుని. రెండోది, బ్యాక్‌డోర్‌లో పెట్టిస్తామని రెండు మూడు లక్షలు అడిగే కన్సల్టెన్సీలు. సైబరాబాద్ పోలీసుల దగ్గర ఇలాంటి కేసులు కొత్త కాదు, పోయిన డబ్బు తిరిగొచ్చింది మాత్రం తక్కువ.

నిద్ర గురించి. వారం పది రోజులు పట్టకపోవడం ఎవరికైనా ఉండేదే. అంతకంటే సాగితే, బతికి ఏం లాభం అనే ఆలోచన ఒక్కసారైనా తొంగిచూస్తే, 14416కు ఫోన్ చేయండి. టెలీ మానస్ అని ప్రభుత్వం నడిపే ఉచిత సేవ, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. డాక్టర్‌ను కలవడానికి కంపెనీ ఇన్సూరెన్స్ ఇంకా పనిచేస్తుండగానే వెళ్లడం మంచిది.

రేపటి మెయిల్ పంపాక జవాబు ఏ రూపంలో వచ్చినా నాకు రాయండి. అపాయింట్‌మెంట్ లెటర్‌లో నోటీసు గురించి, టెర్మినేషన్ గురించి ఉన్న పేరాలు అక్షరం మార్చకుండా టైప్ చేసి పంపండి, కంపెనీ పేరు తీసేసి. వాళ్లు ఇస్తామన్న అంకె సరైనదో కాదో ఆ రెండు పేరాలు చూస్తేగానీ చెప్పలేను.